శతవసంతాల పామ్ బీచ్ కౌంటీ

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు ఆగ్నేయ తీరాన ఉన్న పామ్ బీచ్ కౌంటీ 2009లో శతవసంతాలు పూర్తి చేసుకుంది. 1909 ఏప్రిల్ 30న గవర్నర్ ఆల్బర్ట్ గిల్‌క్రిస్ట్ బిల్లు మీద సంతకం చేయడంతో డేడ్ కౌంటీ ఉత్తర భాగం విడివడి, ఫ్లోరిడాలో 47వ కౌంటీగా అవతరించింది. కౌంటీ అంటే మన లెక్కలో జిల్లా అనుకోవచ్చు. మరుసటి ఏడాది జనాభా లెక్కల్లో ఇక్కడ తేలినవాళ్లు 5,577 మంది. 2000 లెక్కల్లో 11,31,184 మంది. మధ్యలో 1915లో బ్రోవర్డ్, 1917లో ఒకీచోబీ, 1925లో మార్టిన్ కౌంటీలకు తన భూమి పంచి ఇచ్చాక కూడా ఇంత ఎదిగింది. ఈ ఎదుగుదల వెనక ఉన్న మనుషులకు, వాళ్లను మోసిన నేలకు, వాళ్లను బతికించిన నీటికి నిండు మనసుతో అభినందనలు చెప్పడానికే ఈ వ్యాసం.

పామ్ బీచ్ పేరు వినగానే చాలామందికి సముద్రపుటొడ్డున కోటీశ్వరుల భవనాలు, పోలో మైదానాలు, వర్త్ అవెన్యూలో మెరిసే దుకాణాలు గుర్తుకొస్తాయి. అవన్నీ ఉన్నమాట నిజమే. అయితే ఆ భవనాలున్న దీవి ఈ కౌంటీలో ఒక సన్నని అంచు మాత్రమే. అక్కడి నుంచి పడమరగా ఒకీచోబీ సరస్సు దాకా విస్తరించిన ఈ జిల్లా మొత్తం రోడ్ ఐలండ్ రాష్ట్రం కంటే పెద్దది. నూరేళ్ల చరిత్రను దగ్గర పెట్టుకొని చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఈ నేలకు పేరు తెచ్చినవాటిలో చాలా భాగం ఇక్కడ పుట్టినవి కావు. ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు తెచ్చి నాటితే వేళ్లూనుకున్నవే. కొబ్బరి అలా వచ్చింది, మామిడి అలా వచ్చింది, అనాస, చెరకు, చివరికి కంప్యూటర్ కూడా అలాగే వచ్చాయి. వచ్చినవాళ్లకు చోటిచ్చి, వాళ్ల చెమటను తన సంపదగా మార్చుకోవడమే పామ్ బీచ్ కౌంటీ గొప్పతనం. నూరేళ్ల పండుగలో మెచ్చుకోవలసింది మొదట ఆ గుణాన్నే.

వెచ్చని నీరు, చిత్తడి నేల

ఈ కౌంటీకి తూర్పున అట్లాంటిక్ మహాసముద్రం. తీరం పొడవు సుమారు 45 మైళ్లు. మెక్సికో అఖాతం వైపు నుంచి వచ్చి ఉత్తరానికి సాగే గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని ప్రవాహం ఉత్తర అమెరికా తీరానికి అతి చేరువగా వచ్చేది ఇక్కడే. ఉత్తరాది రాష్ట్రాలు మంచులో కూరుకుపోయే జనవరిలో కూడా ఇక్కడ జనం సముద్రస్నానాలు చేయడానికి ఆ ప్రవాహం అండే కారణం. మే నుంచి అక్టోబరు దాకా ఉక్క, మధ్యాహ్నానికల్లా కమ్ముకొచ్చే మబ్బులు, ఉరుములతో వాన. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి గాలి, నీలాకాశం. కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనవాళ్లకు ఈ ఉక్కపోత కొత్తేమీ కాదు. మంచు పడటం మాత్రం ఇక్కడ వింతల్లోకెల్లా వింత. 1977 జనవరి 19న పొద్దున్నే నాలుగు రేకులు రాలితే ఇక్కడివాళ్లు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు.

తీరం నుంచి పడమరకు వెళ్లేకొద్దీ లోకం మారిపోతుంది. ఇసుక దిబ్బలు, వాటి వెనక లేక్ వర్త్ లాగూన్ అనే పొడవాటి ఉప్పునీటి పాయ, ఆపైన పైన్ చెట్ల మెట్ట, ఆ తర్వాత ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి. రంపపు అంచుల గడ్డి మధ్య కంటికి తెలియనంత నెమ్మదిగా నీరు దక్షిణానికి జరుగుతూ ఉంటుంది. 1951లో ఏర్పడ్డ లాక్సహాచీ వన్యప్రాణి సంరక్షణ కేంద్రంలో ఆ పాత చిత్తడి ముక్క ఇంకా మిగిలి ఉంది. కొంగలు, మొసళ్ల జాతికి చెందిన ఆలిగేటర్లు, దాదాపు నత్తలు మాత్రమే తిని బతికే ఒక రకం గద్ద అక్కడ కనిపిస్తాయి. సముద్రానికీ చిత్తడికీ మధ్య ఇంత ఇరుకు జాగాలో ఇన్ని రకాల నేలలు ఉండటమే ఈ కౌంటీ అందం. దీని కష్టాలకు మూలం కూడా అదే.

మొదటివాళ్లు

కౌంటీ వయసు నూరేళ్లే గాని, నేల చరిత్ర చాలా పాతది. స్పెయిన్ ఓడలు రాకముందే ఇక్కడ జేగా తెగ ప్రజలు చేపలు, గుల్లలు పట్టుకుంటూ బతికారు. వాళ్లు తిని పడేసిన గుల్లల దిబ్బలు తీరంలో నేటికీ ఉన్నాయి. తర్వాత వచ్చిన సెమినోల్ తెగవాళ్లను వాళ్ల నేల నుంచి వెళ్లగొట్టడానికి అమెరికా సైన్యం చేసిన యుద్ధంలో రెండు పోరాటాలు 1838 జనవరిలో లాక్సహాచీ నది ఒడ్డున జరిగాయి. ఆ తర్వాత జూపిటర్ కోట దగ్గర గుడారాలు వేసుకున్న వందలాది సెమినోల్‌లను పట్టుకొని పశ్చిమానికి తరలించారు. లొంగకుండా చిత్తడిలోకి తప్పుకున్న కొద్దిమంది సంతతి ఇవాళ్టికీ ఫ్లోరిడాలో ఉంది. శతాబ్ది సభల్లో వాళ్ల పేరు ముందు వరసలో ఉండాలి.

జూపిటర్ దగ్గర నది సముద్రంలో కలిసేచోట ఎర్రని దీపస్తంభం ఒకటుంది. దాని నమూనా గీసిన సైనిక ఇంజినీరు జార్జ్ మీడ్, తర్వాత గెటిస్‌బర్గ్ యుద్ధంలో సేనాపతి. 1860 జులై 10న తొలిసారి దీపం వెలిగింది. మరుసటి ఏడాది అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షంవాళ్లు దీపం సామగ్రి ఊడదీసి దాచేశారు. 1866లో మళ్లీ వెలిగింది. కౌంటీ పుట్టకముందు నుంచీ ఓడలకు దారి చూపుతున్న ఆ స్తంభమే ఇక్కడి కట్టడాల్లో పెద్దన్న.

1878 జనవరిలో ప్రావిడెన్సియా అనే స్పెయిన్ ఓడ ఈ తీరానికి కొట్టుకొచ్చి ఇసుకలో దిగబడింది. అందులో ఇరవై వేల కొబ్బరికాయలున్నాయి. అప్పటికి లాగూన్ ఒడ్డున ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టగల కుటుంబాలు. వాళ్లు కాయలను దక్కించుకొని, ఒకరికొకరు అమ్ముకొని, దిబ్బల వెంట పాతారు. పదేళ్లు తిరిగేసరికి ఇసుక దిబ్బ కొబ్బరి తోపు అయింది. పామ్ బీచ్ అన్న పేరు ఆ చెట్ల వల్లే వచ్చింది. 1970ల్లో ఆకులు పసుపెక్కి చెట్టు చచ్చిపోయే తెగులు వచ్చి పాత కొబ్బరి చెట్లను వేలకు వేలు కూల్చేసింది. ఇక్కడివాళ్లు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. తెగులుకు తట్టుకొనే పొట్టి రకాలు తెచ్చి మళ్లీ నాటారు. ఇప్పుడు వీధుల్లో తలలూపుతున్న చెట్లలో చాలా భాగం ఆ రెండో నాటువే.

ఉత్తరాలు మోసిన పాదాలు

రైలు రాకముందు ఇక్కడి బతుకు ఎంత కష్టమో తెలియాలంటే 1885 నుంచి 1892 దాకా పామ్ బీచ్, మయామీ మధ్య ఉత్తరాలు మోసిన తపాలావాళ్ల కథ వినాలి. రోడ్డు లేదు. సముద్రపుటొడ్డే రోడ్డు. పొడి ఇసుకలో కాలు కూరుకుపోతుంది కాబట్టి, అల వెనక్కి తగ్గిన చోట గట్టిపడ్డ తడి ఇసుక మీద, బూట్లు విప్పి భుజాన వేసుకొని నడిచేవాళ్లు. తీరం ఏటవాలుగా ఉంటుంది. ఒక కాలు ఎప్పుడూ ఎత్తున, ఒక కాలు పల్లాన. సోమవారం బయల్దేరి బుధవారానికి మయామీ చేరి, శనివారానికి తిరిగొచ్చేవాళ్లు. రానూపోనూ 136 మైళ్లు. అందులో 80 మైళ్లు కాలినడక, మిగిలింది పడవలో. నదీముఖాల దగ్గర దాచిపెట్టుకున్న పడవ ఎక్కి అవతలి ఒడ్డుకు చేరాలి. 1887 అక్టోబరులో ఎడ్ హామిల్టన్ అనే తపాలా మనిషి హిల్స్‌బరో దగ్గరికి వచ్చేసరికి అతని పడవ అవతలి ఒడ్డున ఉంది. ఉత్తరాల సంచి, బట్టలు ఒడ్డున దొరికాయి. మనిషి దొరకలేదు. పడవ కోసం ఈదుకుంటూ వెళ్లాడని, మొసళ్లకో సొరచేపలకో బలయ్యాడని అనుకున్నారు. వారం తిరిగే లోపు ఉత్తరం చేరవేయాలన్న పట్టుదలకు ప్రాణమిచ్చిన ఆ మనిషిని ఈ ప్రాంతం మరిచిపోలేదు.

అదే కాలంలో, 1886లో, లాగూన్ ఒడ్డున ఊరివాళ్లంతా చేయి వేసి ఒక చిన్న బడి కట్టుకున్నారు. ఆగ్నేయ ఫ్లోరిడాలో తొలి బడి అదే. తొలి పంతులమ్మ హాటీ గేల్‌కు అప్పటికి పదహారేళ్లు. ఆ ఎర్రరంగు బడి గది పామ్ బీచ్ దీవిలోని ఫిప్స్ ఓషన్ పార్కులో ఇప్పటికీ భద్రంగా ఉంది.

మన మామిడి మొలిచిన చోటు

హాటీ తండ్రి ఎల్బ్రిడ్జ్ గేల్ కాన్సాస్ వ్యవసాయ కళాశాలలో తోటల పెంపకం బోధించి, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఇక్కడికి వచ్చిన ఆచార్యుడు. లాగూన్‌కు పడమటి ఒడ్డున స్థిరపడ్డాడు. ఆ చోటుకు మాంగోనియా అని పేరు. 1889లో అమెరికా వ్యవసాయ శాఖ భారతదేశం నుంచి మామిడి అంట్లు తెప్పించి ఆయనకు పంపింది. 1894-95 శీతాకాలంలో పడ్డ ఘోరమైన చలికి ఫ్లోరిడా నారింజ తోటలు దాదాపు అన్నీ మాడిపోయాయి. గేల్ తోటలోని మామిడి మొక్కల్లో ఒక్కటి మాత్రం బతికింది. పై కొమ్మలన్నీ పోయినా మొదలు నుంచి మళ్లీ చిగురించింది. మన మల్గోవా పేరే కొద్దిగా మారి, ఆ చెట్టు ముల్గోబాగా రికార్డులకెక్కింది.

ఆ చెట్టు కాయల రుచి చూసి, వాటి టెంకలు తీసుకెళ్లినవాళ్లలో కెప్టెన్ జాన్ హేడెన్ ఒకడు. 1902లో మయామీ దగ్గర కోకోనట్ గ్రోవ్‌లో నాటాడు. మొక్క కాపుకొచ్చే లోపే ఆయన కన్నుమూస్తే, భార్య దాన్ని సాకింది. 1910లో కాసిన ఎర్రబుగ్గల పండు హేడెన్ పేరుతో ప్రసిద్ధమైంది. ఇవాళ అమెరికా బజార్లలో దొరికే టామీ అట్కిన్స్ లాంటి రకాలు హేడెన్ సంతతివే. వేసవి వస్తే బంగినపల్లి కోసం, రసాల కోసం బెంగపెట్టుకొనే తెలుగువాళ్లు అమెరికా దుకాణంలో ఎర్రటి మామిడిపండు చేతిలోకి తీసుకుంటే, అందులో కొంత అంశ మన దేశం నుంచి పోయి ఈ కౌంటీలో చలికి చచ్చి బతికిన ఒంటరి చెట్టుదని గుర్తుంచుకోవచ్చు. మన దేశపు మొక్కను దిక్కులేనిదిగా వదలకుండా కాపాడినందుకు ఈ నేలకు మనం విడిగా కృతజ్ఞత చెప్పుకోవాలి.

రైలు, హోటలు, కోర్టు

రాక్‌ఫెల్లర్‌తో కలిసి స్టాండర్డ్ ఆయిల్ కంపెనీని నడిపిన హెన్రీ ఫ్లాగ్లర్ కన్ను ఈ కొబ్బరి తోపు మీద పడటంతో కథ వేగం అందుకుంది. 1894లో దీవి మీద ఆయన రాయల్ పాయిన్సియానా హోటల్ తెరిచాడు. ఆ కాలంలో ప్రపంచంలోకెల్లా పెద్ద చెక్క కట్టడాల్లో అదొకటి. అదే ఏడు రైలు వచ్చింది. దీవికి ఎదురుగా, పనివాళ్లకూ వ్యాపారులకూ వెస్ట్ పామ్ బీచ్ పట్టణం వెలిసింది. ఫ్లాగ్లర్ 1902లో భార్యకు పెళ్లి కానుకగా కట్టించిన వైట్‌హాల్ భవనం ఇప్పుడు మ్యూజియం. ఆ వైభవాన్ని లేపిన చేతులు మాత్రం స్టిక్స్ అనే గుడిసెల వాడలో ఉండేవి. హోటల్ కట్టి, అందులో వంటలు చేసి, అతిథులను సైకిల్ బండ్లలో తిప్పిన నల్లజాతి కార్మికులు వాళ్లు. 1910ల తొలినాళ్లకు ఆ వాడను ఖాళీ చేయించారు. పాయిన్సియానా హోటల్ 1930ల్లో నేలమట్టమైంది. ఆ కార్మికుల మనవలు, మునిమనవలు వెస్ట్ పామ్ బీచ్ ఉత్తర వాడల్లో బళ్లు, చర్చిలు, వ్యాపారాలు నిలబెట్టి నేటికీ ఉన్నారు.

రైలు రాకముందు ఇక్కడ ఏడున్నర మైళ్ల బుల్లి రైలుమార్గం ఒకటి నడిచేది. దాని స్టేషన్లు జూపిటర్, వీనస్, మార్స్, జూనో. ఇంజను తిప్పుకొనే చోటు లేక తిరుగు ప్రయాణమంతా వెనక్కే నడిచేది. చివరి స్టేషన్ జూనో, 1889 నుంచి 1899 దాకా డేడ్ కౌంటీకి ముఖ్య పట్టణం. తర్వాత ఆ హోదా తిరిగి మయామీకి పోయింది. పన్నుల్లో పెద్ద వాటా మాది, రోడ్లూ బళ్లూ మాత్రం అక్కడికా అన్న అసంతృప్తి డేడ్ ఉత్తర భాగంవాళ్లలో పెరిగింది. ఆ పట్టుదలే 1909లో ప్రత్యేక కౌంటీ సాధించింది.

కొత్త కౌంటీ 1916లో వెస్ట్ పామ్ బీచ్‌లో స్తంభాల కోర్టు భవనం కట్టుకుంది. జనం పెరిగి గదులు చాలక, 1969 ప్రాంతంలో దాని చుట్టూ కొత్త భవనం కట్టేశారు. పాత కోర్టు పూర్తిగా ఆ గోడల లోపల మరుగున పడిపోయింది. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లలకు కూడా లోపల ఇంకో కోర్టు ఉందని తెలియకుండా మూడున్నర దశాబ్దాలు గడిచాయి. పాత కట్టడాల మీద ప్రేమ ఉన్న పౌరులు పట్టుబట్టారు. 2004 తర్వాత పై గోడలను జాగ్రత్తగా విప్పేసి, పోయిన స్తంభాలను పాత నమూనా ప్రకారం మళ్లీ నిలబెట్టారు. 2008లో అది కౌంటీ చరిత్ర మ్యూజియంగా తెరుచుకుంది. కూల్చి కొత్తది కట్టడమే అలవాటైన ఫ్లోరిడాలో, కట్టినదాన్ని విప్పి పాతదాన్ని బయటికి తీసిన ఈ పని శతాబ్దికి కౌంటీ తనకు తాను ఇచ్చుకున్న మంచి కానుక.

యమాటో రైతు ఇచ్చిన భూమి

1900ల తొలినాళ్లలో, న్యూయార్క్‌లో చదువుకున్న జో సకాయ్ అనే జపాన్ యువకుడు బోకా రటోన్ ఉత్తరాన స్వదేశీయుల కోసం ఒక వ్యవసాయ గ్రామం స్థాపించాడు. పేరు యమాటో. పొదలు నరికి, దోమలతో పోరాడి, అనాస పండించారు. తెగులు ఒకపక్క, క్యూబా నుంచి చౌకగా వచ్చిపడే అనాస ఒకపక్క దెబ్బతీస్తే చాలామంది వెళ్లిపోయారు. 1942లో సైనిక విమానాశ్రయం కోసం మిగిలిన భూముల్ని ప్రభుత్వం తీసేసుకుంది.

1906లో పందొమ్మిదేళ్ల వయసులో మియజు ఊరి నుంచి వచ్చిన జార్జ్ సుకేజీ మొరికామి మాత్రం ఇక్కడే ఉండిపోయాడు. కూరగాయలు పండించి అమ్ముకుంటూ, వచ్చిన డబ్బుతో ఎకరం ఎకరం కొనుక్కుంటూ, చాలా సాదాగా బతికాడు. అమెరికా పౌరసత్వం ఆయనకు 1967లో గాని రాలేదు. అప్పటికి ఎనభై దాటాడు. జీవితమంతా కూడబెట్టిన భూమిని చివరికి కౌంటీకి ధారాదత్తం చేశాడు. ఆయన 1976లో పోయాడు. 1977లో ఆ భూమిలో మొరికామి మ్యూజియం, జపాన్ తోటలు జనానికి అందుబాటులోకి వచ్చాయి. పితృదేవతలను తలుచుకొనే బాన్ పండుగనాడు చెరువులో కాగితపు లాంతర్లు వదులుతారు. ఆ రోజు అక్కడ చేరేవాళ్లలో అన్ని జాతులవాళ్లూ ఉంటారు. పౌరసత్వానికి అరవై ఏళ్లు ఎదురుచూసిన మనిషి, ఆ నేలకే తన సర్వస్వం ఇచ్చేశాడు. ఈ కౌంటీ కన్న దాతల్లో ఆయన కంటే పెద్దవాడు నాకు కనిపించడు.

సరస్సు ఉప్పొంగిన రాత్రి

పండుగ రోజున కూడా తలవంచి తలుచుకోవలసిన రాత్రి ఒకటుంది. 1928 సెప్టెంబరు 16న తుపాను పామ్ బీచ్ దగ్గర తీరం దాటి లోపలికి వెళ్లింది. ఒకీచోబీ సరస్సు దక్షిణపు ఒడ్డున ఉన్నది మట్టితో వేసిన పొట్టి కరకట్ట. గాలి తోసిన నీటికి అది తెగిపోయింది. చీకట్లో బెల్ గ్లేడ్, పహోకీ, సౌత్ బే ఊళ్ల మీద సరస్సు విరుచుకుపడింది. దివిసీమ ఉప్పెన చూసిన తరానికి ఆ రాత్రి ఎలా ఉండి ఉంటుందో విడమరిచి చెప్పక్కర్లేదు. కనీసం 2,500 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పొలాల్లో కూలి పనులకు వచ్చిన నల్లజాతివాళ్లు.

చావులో కూడా తేడా చూపించారు. వెస్ట్ పామ్ బీచ్‌లో తెల్లవాళ్ల శవాలను పెట్టెల్లో ఉడ్‌లాన్ శ్మశానంలో పూడ్చారు. 674 మంది నల్లవాళ్లను మాత్రం టామరిండ్ అవెన్యూలో ఒకే గోతిలో, గుర్తు కూడా లేకుండా పూడ్చారు. దశాబ్దాలపాటు ఆ చోటు ఖాళీ స్థలంగానే ఉండిపోయింది. స్థానికులు పట్టు వదలకుండా అడిగితే 2000లో నగరం ఆ స్థలాన్ని తిరిగి తీసుకుంది. 2002లో అది జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. జోరా నీల్ హర్‌స్టన్ 1937లో రాసిన నవల చివరి భాగం ఈ తుపాను నేపథ్యంలోనే సాగుతుంది. తన తప్పును ఒప్పుకొని, పూడ్చిన చోట గుర్తు పెట్టుకున్న ఊరిని అభినందించాలి. ఆ తుపాను తర్వాతే సరస్సు చుట్టూ హూవర్ కరకట్ట లేచింది. 2004లో ఫ్రాన్సిస్, జీన్, 2005లో విల్మా తుపాన్లు వచ్చిపడ్డా కౌంటీ మళ్లీ లేచి నిలబడింది.

నల్లమట్టి సంపద

కౌంటీ పడమటి సగం అన్నదాత. సరస్సు దక్షిణాన ఉన్న నల్లని చిత్తడి మట్టిని ఇక్కడ మక్ అంటారు. వేల ఏళ్లుగా నీటి అడుగున కుళ్లిన గడ్డి పేరుకొని ఏర్పడిన నేల అది. బెల్ గ్లేడ్ ఊరివాళ్లు తమ అదృష్టం తమ మట్టేనని బోర్డు మీద రాసుకున్నారు. క్యూబాతో వ్యాపారం తెగిన 1960ల తర్వాత ఇక్కడ చెరకు సాగు విపరీతంగా పెరిగింది. ఇవాళ అమెరికాలో చెరకు అత్యధికంగా పండే కౌంటీ ఇదే. చలికాలంలో ఉత్తరాది వంటిళ్లకు తీపి మొక్కజొన్న, చిక్కుళ్లు, లెట్యూస్ ఇక్కడి నుంచే వెళతాయి.

ఆ పంట కోసిన చేతుల కథ అంత తీపి కాదు. 1960లో ఎడ్వర్డ్ మురో సమర్పించిన హార్వెస్ట్ ఆఫ్ షేమ్ అనే టీవీ డాక్యుమెంటరీ బెల్ గ్లేడ్ కూలీల బతుకును దేశమంతటికీ చూపింది. 1990ల్లో యంత్రాలు వచ్చేదాకా జమైకా తదితర దీవుల నుంచి వేలాదిమంది వచ్చి కత్తులతో చెరకు నరికారు.

బెల్ గ్లేడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఒక కాంక్రీటు స్తంభం ఉంది. 1924లో తొమ్మిదడుగుల స్తంభాన్ని అడుగున ఉన్న సున్నపురాయి తగిలేదాకా దింపి, తల నేలకు సమంగా ఉండేలా పాతారు. ఇప్పుడు దాని పక్కన నిలబడితే స్తంభం మనిషి ఎత్తున కనిపిస్తుంది. స్తంభం పైకి లేవలేదు, నేలే కిందికి దిగిపోయింది. నీరు తీసేసిన చిత్తడి మట్టికి గాలి తగిలితే, అందులోని సేంద్రియ పదార్థం నెమ్మదిగా ఆక్సీకరణం చెంది మాయమవుతుంది. అందుకే ఇక్కడి రైతులు, శాస్త్రవేత్తలు చేలల్లో నీటిమట్టం ఎత్తుగా ఉంచడం, వరిని చెరకుతో మార్చి వేయడం లాంటి మార్గాలు వెతుకుతున్నారు. పండించే నేలను తరిగిపోకుండా కాపాడుకోవడమే రెండో శతాబ్దంలో ఈ కౌంటీ ముందున్న పెద్ద పని.

బోకా నుంచి ప్రపంచానికి

1920ల్లో అడిసన్ మిజ్నర్ అనే వాస్తుశిల్పి స్పెయిన్ పద్ధతి పెంకుటిళ్లు, ఆర్చీలు, నడవాలతో పామ్ బీచ్‌కు ఒక ముఖం ఇచ్చాడు. 1919లో తెరిచిన ఎవర్‌గ్లేడ్స్ క్లబ్ దానికి నాంది. బోకా రటోన్‌లో ఆయన కలలుగన్న మహానగరం 1926 భూముల బుడగ పేలడంతో ఆగిపోయింది. అదే బోకా రటోన్ ఇంకో అర్ధశతాబ్దానికి మరో రకంగా ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఐబీఎం ప్రయోగశాలలో డాన్ ఎస్ట్రిడ్జ్ నాయకత్వంలో ఒక చిన్న బృందం ఏడాది తిరిగేసరికి తయారు చేసిన పర్సనల్ కంప్యూటర్ 1981 ఆగస్టు 12న విడుదలైంది. మిగతా కంపెనీల్లో చాలావరకు ఆ నమూనానే అనుసరించాయి. ఆ యంత్రాల మీద పని నేర్చుకొని అమెరికా దాకా వచ్చిన తెలుగు యువతరానికి పామ్ బీచ్ కౌంటీ ఒకరకంగా మేనమామ ఇల్లు. నేడు జూపిటర్‌లో స్క్రిప్స్ జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది, బోకాలో 1964 నుంచి ఫ్లోరిడా అట్లాంటిక్ విశ్వవిద్యాలయం ఉంది. లేక్ వర్త్‌లో ఫిన్‌లాండ్ కుటుంబాలు, జూపిటర్‌లో గ్వాటెమాలా మాయా కుటుంబాలు, డెల్‌రే బీచ్‌లో హైతీ కుటుంబాలు తమ భాషలు, పండుగలతో బతుకుతున్నాయి. ఆస్పత్రుల్లో, ఆఫీసుల్లో పనిచేస్తూ సంక్రాంతి, ఉగాది జరుపుకొనే తెలుగు కుటుంబాలదీ ఆ వరసే.

మనుషులతో పాటు ఇక్కడికి ఏటా వచ్చే అతిథులు ఇంకొన్ని ఉన్నాయి. మార్చి నుంచి అక్టోబరు దాకా సముద్రపు తాబేళ్లు ఈ ఇసుకలో గుడ్లు పెడతాయి. జూనో బీచ్ చుట్టుపక్కల తీరం లాగర్‌హెడ్ తాబేళ్లు ప్రపంచంలోకెల్లా కిక్కిరిసి గూళ్లు కట్టే చోట్లలో ఒకటి. గుడ్లు పగిలి బయటికొచ్చిన పిల్లలు రాత్రి సముద్రపు వెలుగును చూసి దారి తెలుసుకుంటాయి. ఒడ్డున దీపాలు వెలుగుతుంటే దారి తప్పి రోడ్డెక్కి చస్తాయి. అందుకని ఆ నెలల్లో తీరం వెంబడి ఇళ్లు, హోటళ్లు సముద్రం వైపు దీపాలు ఆర్పేస్తాయి. కోట్లు పెట్టి కొనుక్కున్న సముద్ర దృశ్యం ముందు, అరచేతిలో పట్టే తాబేలు పిల్ల కోసం దీపం ఆర్పే ఊళ్లు ఇవి. అభినందించడానికి ఇంతకంటే మంచి కారణం ఏం కావాలి?

ఈ శతాబ్ది వేడుకలు సులువైన కాలంలో రాలేదు. ఇళ్ల ధరలు కూలి, బ్యాంకులు ఇళ్లు జప్తు చేసుకుంటూ, ఎన్నో కుటుంబాలు దిగులుతో ఉన్న ఏడాది అది. అయితే 1926 భూముల పతనం, 1928 తుపాను వెంటవెంటనే చూసి కూడా ఈ కౌంటీ నిలిచింది. చలికి మాడిన మామిడి మొదలు నుంచి చిగురించిన నేల ఇది. తీరపు భవనాల్లో ఉన్నవాళ్లు, బెల్ గ్లేడ్ చెరకు తోటల్లో ఉన్నవాళ్లు ఒకే కౌంటీ పౌరులమని గుర్తుంచుకుంటే, కొత్తగా వచ్చేవాళ్లను ఇంతకు ముందులాగే ఆదరిస్తే, కరకట్టలను, మంచినీటిని, నల్లమట్టిని జాగ్రత్తగా చూసుకుంటే, రెండో నూరేళ్లు మొదటి నూరేళ్ల కంటే మెరుగ్గా ఉంటాయి. పామ్ బీచ్ కౌంటీ ప్రజలందరికీ తెలుగువాళ్ల తరఫున శతాబ్ది శుభాకాంక్షలు. మీ పంటలు పండాలి, మీ పిల్లలు ఎదగాలి, మీ తీరం చల్లగా వర్ధిల్లాలి.